గులాబీ మాత్ర వద్దు

ఆనందపురం దగ్గర మన ఊరు,
ఏప్రిల్ 6

నా చెల్లి చంద్రికకి,

దీక్షలో కూర్చుని నేటికి పది రోజులు. అమ్మవారి ఘటం నెత్తిన ఎత్తే మనిషి జాతర అయ్యేదాకా నోరు విప్పకూడదు, ఫోను ముట్టుకోకూడదు, ఇల్లు దాటకూడదు. ఉత్తరం రాయకూడదని మాత్రం ఎవరూ అనలేదు, అందుకే రాస్తున్నాను. కూరగాయల ఆటో అప్పలరాజు నీ చేతికే ఇస్తానన్నాడు. చదివి చింపెయ్యి.

నాకు మళ్ళీ రక్తం కనబడుతోందే. యాభై మూడేళ్ళ మనిషిని, ముట్టాగి నాలుగేళ్ళయింది. మొదట్లో చుక్కలే. ఈ వారం గుడ్డలు మార్చుకోవాల్సి వస్తోంది. మీ బావకి కూడా తెలీదు.

ఒంట్లో ఆవిర్లు తట్టుకోలేకపోతుంటే అప్పట్లో డాక్టరమ్మ రెండు రకాల మాత్రలు రాసింది గుర్తుందా? తెల్లది రోజూ, గులాబీ రంగుది నెలకి పన్నెండు రోజులు. గులాబీది వేసుకుంటే నెలనెలా మైల వచ్చేది. మైల వచ్చే ఆడది ఘటం ఎత్తకూడదు. చేతులు వణుకుతున్నాయని అత్తమ్మ ఆ ఏడే ఘటం నాకు అప్పగించింది. అందుకని గులాబీది మానేసి, మూడేళ్ళుగా తెల్లది ఒక్కటే మింగుతున్నాను. ఆవిర్లు లేవు, మైల లేదు, హాయిగా ఉన్నాను. మరి ఇప్పుడు ఇదేంటి?

నువ్వు ల్యాబులో ఇలాంటివి చూస్తూనే ఉంటావు కదా. భయం లేదని ఒక్క ముక్క రాయి.

నీ అక్క,
జోగమ్మ


కూర్మన్నపాలెం,
ఏప్రిల్ 7

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. భయం లేదని రాయమన్నావు. ఎలా రాయను?

తెల్ల మాత్రలో ఉన్నది ఈస్ట్రోజెన్. గర్భసంచి లోపలి పొర కణాల్లో దాన్ని అందుకునే గ్రాహకాలుంటాయి. ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చోగానే అవి కణం నడిమధ్యకి ‘పెరుగు, రెండుగా చీలు’ అని హుకుం పంపిస్తాయి. గులాబీది ప్రొజెస్టెరాన్ లాంటి మందు. అది ‘ఇక చాలు’ అంటుంది. అప్పుడు పొర పెరగడం ఆగుతుంది, ఆ పన్నెండు రోజుల మాత్రలు అయిపోగానే ఊడి పడుతుంది. నువ్వు మైల అనుకున్నది దాన్నే. పొయ్యి మీద పాలు పెట్టి, మంట తగ్గించే మనిషిని ఇంట్లోంచి పంపేశావక్కా! మూడేళ్ళుగా ఆ పొర ‘పెరుగు’ అన్న మాట తప్ప ఇంకోటి వినలేదు. అలా పెరిగి పెరిగి క్యాన్సర్‌గా మారొచ్చు. మారిందనడం లేదు, ముక్క తీసి చూస్తే గానీ తెలీదు.

తెల్లది ఈ క్షణమే ఆపు. రేపే బయల్దేరి రా.

అసలు గులాబీది మానమని నీకు చెప్పిందెవరు? నీ అంతట నువ్వు మానే రకం కాదు, డాక్టరమ్మ మాటంటే నీకు వేదం. ఎవతో తెలివితక్కువది చెప్పే ఉంటుంది. దాని నోట్లో మన్ను పడ! దాని కడుపు మాడ!

నీ చెల్లి,
చంద్రిక


ఏప్రిల్ 10

చెల్లీ,

తెల్లది ఆపేశాను. రాలేను. జాతర పదిహేడున. మధ్యలో తప్పుకుంటే ఎందుకని అడుగుతారు. మూడేళ్ళూ మైలతోనే ఎత్తిందేమో అంటారు. వానలకి పోయిన పంటలు, చచ్చిన గొడ్లు అన్నీ నా నెత్తికే చుడతారు. నిన్న అత్తమ్మ నా వీపు నిమిరి, “నా తర్వాత నువ్వేనే. నానేటి సెప్పీది, నీ సెయ్యి సల్లగుండాల” అంది. తల ఊపాను. మౌనంలో అబద్ధమాడడం ఎంత సులువో!

నూతి దగ్గర స్నానం చేస్తుంటే నీళ్ళు ఎర్రగా పారాయి. చాలా భయంగా ఉందే. చెప్పుకుందామంటే ఒక్కరూ లేరు. అమ్మవారిని అడిగితే ఆవిడా పలకదు.

ఎవరు చెప్పారని మళ్ళీ అడగకు. ఎవరూ చెప్పలేదు, నా బుర్రే. ఆ తిట్లు మాత్రం వెనక్కి తీసుకో. అలా తిట్టకూడదమ్మా.

జోగమ్మ


కూర్మన్నపాలెం,
ఏప్రిల్ 11

అక్కా,

తీసుకోను గాక తీసుకోను.

నిన్న సాయంత్రం సెలవు పెట్టి వచ్చాను. బావ గేటు దగ్గరే ఆపేశాడు. “దీచ్చ ఇల్లు సంద్రికా, నువ్వైనా రాకూడదు. జాతరవనీ, నానే తీసుకొత్తాను” అన్నాడు. నిజం నోటిదాకా వచ్చింది. నీ గుట్టు కదా అని మింగేశాను. గుమ్మంలోంచి వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపావు చూడు, ఆ చెయ్యి సున్నం కొట్టినట్టుంది.

వారం ఆగితే ఏమవుతుందని అడుగుతావు. నాకు తెలీదు! అదే నన్ను చంపుతోంది. ఘటం ఎత్తడానికి ఊళ్ళో వందమంది దొరుకుతారు. నాకు అక్కవి నువ్వొక్కదానివే. నీ కాళ్ళు పట్టుకుంటాను, నోరు తెరిచి బావతో చెప్పు.

చంద్రిక


ఏప్రిల్ 27

అక్కా,

రేపు నీ ఆపరేషన్. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక ఈ కాగితం నర్సు చేతికిచ్చి పంపుతున్నాను.

ఘటం తోముతూ తోముతూ పడిపోయి, “నాను సచ్చిపోతన్నాను, నన్ను సెల్లి కాడికి తీసుకెల్లు” అని మౌనం విడిచావట. బావ చెప్పాడు. అత్తమ్మ ఒక్క మాట కూడా అనలేదట, “ముందు మనిసిని ఆస్పత్రికి తీసుకెల్లండి, ఘటం నానెత్తుతాను” అందట. వణికే చేతులతో ఆవిడే ఎత్తింది.

నీ గర్భసంచి పొరలోంచి తీసిన ముక్క ద్వారకా నగర్‌లో మా ల్యాబుకే వచ్చింది. నేనే పలచగా కోశాను, నేనే రంగు పట్టించాను. క్యాన్సరే అన్నారు. రెండు హార్మోన్ల గ్రాహకాలూ గోధుమ రంగులో తేలాయి. అంటే ఇంకా మాట వినే రకం, నెమ్మదిగా పెరిగే రకం. స్కానులో సంచి దాటినట్టు లేదు. గర్భసంచీ అండాశయాలూ తీసేస్తే బయటపడే ఆశ ఉంది. మిగతాది తీశాకే చెబుతారు.

ఇక అసలు సంగతి. నిన్న నీ బట్టల సంచి సర్దుతుంటే అందులో ఉన్న పసుపు డబ్బా అడుగున పాత మందుల చీటీ దొరికింది. దాని వెనక ఇలా రాసుంది: ‘తెల్లది రోజూ ఒకటి. గులాబీ మాత్ర వద్దు, మైల రాదు.’

నా చేతిరాత.

అప్పటికి నాకు రక్తం తీయడం తప్ప ఏమీ రాదు. మా గృహప్రవేశం హడావుడిలో నువ్వు అడిగితే రాసిచ్చాను కాబోలు. నాకు గుర్తే లేదక్కా! అంత తేలిగ్గా రాసి పడేశాను. ల్యాబులో పనిచేసే చెల్లి కదా అని డాక్టరమ్మని కాదని నన్ను నమ్మావు. నేను అన్ని తిట్లు తిడుతుంటే ఎందుకు చెప్పలేదు? ఏ ముఖం పెట్టుకుని నీ ముందుకి రాను?

చంద్రిక


ఏప్రిల్ 28, పొద్దున్న

బంగారు చంద్రీ,

స్ట్రెచర్ వచ్చేలోపు నాలుగు ముక్కలు.

ఆ చీటీ చింపేద్దామనే అనుకున్నాను. నీ రాత కదా, చేతులు రాలేదు. ముందే చెప్పుంటే నా ముక్క కోసేటప్పుడు నీ చెయ్యి వణికేది. నువ్వు తొందరలో రాశావు. నేనేమో మైల పోయిందన్న సంబరంలో మళ్ళీ డాక్టరమ్మ గడప తొక్కలేదు. రక్తం కనబడ్డాక కూడా ఘటం కోసం దాచాను. అదంతా నీ మీద వేసుకోకు.

దీక్షలో నా ప్రాణం కోసం మొక్కలేదే. నీ ఉత్తరం అందిన రోజు నుంచీ నా మొక్కు ఒక్కటే. ‘ఎవర్ని తిడుతోందో దానికి తెలీదు తల్లీ, ఆ తిట్లు తగలనివ్వకు’ అని. నీ కడుపున పుట్టిన నాగవంశీ చల్లగా ఉండాలి.

తలుపు దగ్గర నిలబడు. నన్ను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నీ ముఖం కనబడాలి. అప్పుడైనా ఆ తిట్లు వెనక్కి తీసుకున్నానని నోటితో చెప్పు.

నీ అక్క,
జోగమ్మ