కుర్చీలు తీసేసిన హాలు

ఆదివారం, ఉదయం

అన్నయ్యకు, నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. వదినా పిల్లలూ కులాసాయే అనుకుంటాను.

డెబ్బయ్యేళ్ళ అమ్మను ఆ గుంపులోకి ఎలా పోనిచ్చావని ఫోనులో కోప్పడ్డావు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ఏర్పాట్లు చూసే ఈ హాల్లో గాత్ర కచేరీ అంటే వచ్చేది తెల్లజుట్టువాళ్ళే. వాళ్ళూ ఏటికేడూ పలచబడుతున్నారు. నా వయసువాళ్ళు ఏ కచేరీకైనా పిల్లల్ని గేటు దగ్గర దింపి కార్లో కునుకు తీస్తారు. కుర్రకారు కచేరీ రోజున మాత్రం కుర్చీలన్నీ తీసేసినా కాలు పెట్టే చోటుండదు. జీవితమంతా సంగీతం చెప్పిన అమ్మ కూడా కచేరీలు మానేసింది. ఎందుకమ్మా అంటే, ఇప్పటివాళ్ళకి శ్రుతే లేదని కొట్టిపారేసేది.

అలాంటిది నిన్న కుర్రాళ్ళ కచేరీకి తనే టికెట్టు కొనుక్కుని వచ్చింది. "మామ్మగారూ, ఇది మీ కచేరీ కాదండీ" అన్నాడట కాపలా అతను. అమ్మ జవాబివ్వకుండా టికెట్టు అతని చేతిలో పెట్టి లోపలికి నడిచిందట.

కాసేపటికి వెనక గేటు విరిగింది. టికెట్లు లేనివాళ్ళు తోసుకొచ్చారు. జనం ఒక్కసారిగా వేదిక వైపు ఒరిగారు. పాట ఆపించమన్నాడు మా మేనేజరు. ఆపితే ఏమైందోనని అందరూ తలుపుల మీద పడతారు, వద్దన్నాను. నెమ్మదిగా వాయిస్తూ ఉండమని డ్రమ్ముల అతనికి సైగ చేసి, తలుపులన్నీ తెరిపించాను. అప్పుడు చెప్పాడు కాపలా అతను, మీ అమ్మగారు లోపలున్నారని.

అమ్మా అని గొంతు చించుకుంటూ గుంపులో దూరాను. ఎవరిదో చెప్పు కాలికి తగిలింది. అమ్మదేమోనని వంగి చూశాను.

పెద్ద స్పీకరు దగ్గర కనిపించింది. ముక్కూ మొహం తెలియని కాలేజీ అమ్మాయిలు చేతులు పట్టుకుని ఆవిడ చుట్టూ దడి కట్టారు. జనం వీపుల మీద పడుతున్నా కదల్లేదు. ఒకమ్మాయి మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. "మామ్మకేం కాలేదాంటీ, భయపడకండి" అని నాకే ధైర్యం చెప్పింది.

అమ్మ మాత్రం స్పీకరుకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. చెవి దగ్గర పిలిచినా తిరగలేదు. భుజం పట్టుకుంటే అప్పుడు చూసి నవ్వింది. ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. నన్ను ఎన్ని తిట్లైనా తిట్టు గానీ ఆవిణ్ణి ఏమీ అనకు.

ఇట్లు
నీ చెల్లెలు

తా.క. అమ్మకు వినపడదు. కొన్నేళ్ళుగా తగ్గుతూ వచ్చి ఇప్పుడు పూర్తిగా పోయింది. మిషను పెట్టినా లాభం లేదన్నారట డాక్టరు. సంగీతం టీచరుకు చెవులు పోయాయని నలుగురికీ తెలియడం ఇష్టంలేక మన దగ్గరా దాచింది. పెదవులు చూసి నెట్టుకొచ్చింది. ఆ స్పీకరు దగ్గర తాళం ఎముకల్లోకి వస్తోందట. వచ్చేవారానికి మళ్ళీ టికెట్టు కావాలంటోంది. ఈసారి పక్కన నేనుంటాను. నువ్వూ రా. వచ్చినప్పుడు ఆవిడకు ఎదురుగా కూర్చుని, నిదానంగా మాట్లాడు.