నీ తెలుగు ఏ సాఫ్ట్‌వేర్‌లో కనపడుతుందో చూశాం

చిట్టీ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ పాత కంప్యూటర్ మొరాయిస్తోందని నాన్న కొత్తది కొన్నారు. అందులో రాసుకునే సాఫ్ట్‌వేర్ వెయ్యడానికి మన చర్చి సుధాకర్ వచ్చాడు.

"ఆంటీ, ఊరికే వచ్చేదొకటి, కొనుక్కునేదొకటి ఉన్నాయి. ఏది వెయ్యమంటారు?"

"నాకేం తెలుసు నాయనా. మా చిట్టి టైపు కొట్టినదాన్ని ఏది సరిగ్గా చూపిస్తే అది వెయ్యి" అన్నాను.

దేవుడు నాకు చేసిన మేళ్ళ గురించి చర్చిలో చదవాల్సిన సాక్ష్యం నేను చెప్తుంటే నువ్వు టైపు కొట్టావే, అది. మర్నాడే నిన్ను ఆసుపత్రిలో చేర్చాం. నేనది చదవనేలేదు.

ఊరికే వచ్చేదాంట్లో తెరిస్తే ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. రెండోదాంట్లో మాత్రం నీ అక్షరాలన్నీ కుదురుగా నిలబడ్డాయి. సుధాకర్ పైకి చదివాడు.

"దేవుడు ఈ పరాయి దేశంలో కూడా నా చెయ్యి వదల్లేదు. ఆగవే, పాలు పొంగుతున్నాయి, స్టవ్ కట్టెయ్."

నాన్న పకపకా నవ్వారు. ఈ ఏడాదిలో ఆయన నవ్వగా విన్నది అప్పుడే. నేనన్నదల్లా కొట్టేశావు కదే, దొంగమొహమా!

"ఆ ముక్క తీసెయ్యనా ఆంటీ?" అన్నాడు సుధాకర్.

"తియ్యొద్దు. ఇదే కొనండి" అన్నాను నాన్నతో.

రేపు చర్చిలో నీ జ్ఞాపకార్థం పెట్టిన ప్రార్థనలో అక్షరాలు కూడబలుక్కుని అయినా అంతా చదువుతాను, పాలు పొంగిన ముక్కతో సహా. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

వేళకి కడుపునిండా అన్నం తిను తల్లీ.

అమ్మ