మూర గీతల స్తంభం

శుక్రవారం, రాత్రి

కడుపు మండిపోతోంది. బజారు వీధిలో నేను పూలమ్మే చోట, చెప్పుల షాపు ముందున్న పాత రాతి స్తంభానికి ఈరోజు టైల్స్ అతికించేశారు. ఆ స్తంభం మీద రెండు గీతలుండేవి. వాటి మధ్య దూరం సరిగ్గా ఒక మూర. ఏ కాలంలో ఎవరు చెక్కించారో తెలియదు. నాకు ముందు అక్కడ పూలమ్మింది అమ్మే. మూర కొలిచేటప్పుడు 'నీ చెయ్యి పొట్టి' అని ఎవరైనా అంటే అమ్మ వాదించేది కాదు. పూలదండ తీసుకెళ్లి ఆ గీతలకు పట్టి చూపించేది. అమ్మ తర్వాత నేనూ అంతే.

"ఏందన్నా, కొలత రాయిని మూసేస్తివే?" అని షాపాయన్ని అడిగాను.

"అది కొలతా? ఏదో గీకులనుకుంటినమ్మా. ఇన్నేండ్లు ఈడే ఉండాను, నాకెవురూ చెప్పలేదే" అన్నాడు నవ్వుతూ.

ఇన్నేళ్లూ దానికే చెప్పులు వేలాడదీశాడు! ఒక్కసారైనా కళ్లెత్తి చూశాడా? నోటికొచ్చినట్టు తిట్టాను. వీధంతా విన్నది.

కానీ ఇది కూడా రాయాలి. నా మూర ఆ గీతలకు రెండు వేళ్లు తక్కువ. అది తెలుసు కాబట్టే రోజూ మోచేయి దాటించి, రెండు వేళ్లు కలిపి తెంపేదాన్ని. ఈ సాయంత్రం శుక్రవారం రద్దీలో ఎంతమందికి కొలిచానో. స్తంభం తెల్లగా మెరుస్తోంది. ప్రతిసారీ నా చెయ్యి ఆ రెండు వేళ్లు కలపకుండా మోచేతి దగ్గరే ఆగిపోయింది.

తక్కువైందేమని ఎవరూ అడగలేదు.