మల్లె పాటలడిగే మనిషి

రేడియో మేడం గారికి నమస్కారం.

నేను నాచారంలో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తాను. మధ్యాహ్నం మీరు ఫోన్లు తీసుకుని పాటలు వేసే కార్యక్రమం మా మిషన్ల దగ్గర రోజూ మోగుతుంది. పది రోజులుగా ఒకతను ఫోన్ చేసి, పల్లవిలో ‘మల్లె’ అన్న మాట ఉన్న పాటే అడుగుతున్నాడు. “నాచారం బస్టాపుల మల్లెపూలు పెట్టుకునే పిల్లకు” అంటాడు. ఆ పిల్లను నేనే.

మొదట్లో అందరం నవ్వాం. సోమవారం భయమేసి పూలు మానేశాను. అదే మధ్యాహ్నం అతను, “ఇయ్యాల పూలెందుకు పెట్టుకోలె?” అని, మళ్ళీ మల్లె పాటే వేయించాడు. నా కుట్టు వంకర పోయింది. నిన్న, మౌలాలిలో ఉన్న మా ఇంటి నీలం గేటు గురించి కూడా చెప్పాడు. “ఎంత ప్రేమో!” అని మీరు నవ్వారు.

పక్క మిషను లూర్దమ్మక్క, “ఫికర్ జేయకు, పోలీసుల కాడికి నేనొస్త. జర ఆని నంబరు తెప్పియ్యి” అన్నది. ఆ నంబరు అక్కకు చెప్పండి. ఆమె ఫోన్ నంబరు కవరు వెనక రాశాను. నా పేరు రాయనందుకు ఏమీ అనుకోకండి.

ఈ ఉత్తరం సంగతి మాత్రం రేడియోలో చెప్పకండి మేడం. అతను వింటుంటాడు.