వేగ, కుంభుడు పుట్టిన ఊరు

జూన్ 8, ఆదివారం

రఘునాథ్ వాళ్ల మిద్దె మీద గదిలో కొత్త గేమ్ మొదలైంది. పాచికలు వేస్తూ ముగ్గురం కలిసి ఒక మాయల దేశం కథ అల్లుతాం. నడిపేది రఘు. నాది కుంభుడు, తాళాలు తీసే దొంగ. కొత్తగా చేరిన ధరణిది వేగ, విలుకత్తె. ధరణి ఏర్పేడులో రీసెర్చ్ చేస్తోంది. ఆటకంటే ముందు పాత్రలకు గతం రాయాలి. "మీ ఇద్దరిదీ ఒకే ఊరనుకోండప్పా, కలిసి రాసుకోండి," అన్నాడు రఘు. నంబర్లు ఇచ్చుకున్నాం.

జూన్ 11, లంచ్ టైమ్

హాస్పిటల్ ల్యాబ్‌లో శాంపిల్స్ మెషీన్‌లో పెట్టి కూర్చుంటే ధరణి మెసేజ్. ఏడేళ్లప్పుడు వరదలో ఊరు కొట్టుకుపోతే వేగ, కుంభుడు ఒకే వేపదూలం పట్టుకుని తేలారట. రాత్రంతా కుంభుడు అబద్ధాలు చెప్పి ఆమెను నవ్వించాడని నేను కలిపాను. "వీడు దొంగవుతాడని నాకు ఆరోజే తెలిసిపోయింది," అని రాసింది. 'వేగకు' అని రాయలేదు. 'నాకు' అని రాసింది.

జూన్ 19

రోజూ రాస్తున్నాం. వాళ్లకిప్పుడు పదహారేళ్లు. మేకపిల్ల కోసం పోట్లాడి నెలరోజులు మాట్లాడుకోలేదు. కుంభుడు సంతలో గాజులు దొంగిలించి తెస్తే వేగ విసిరికొట్టింది. ఈరోజు తిరుచానూరు రోడ్డులో ఆటోలో పోతుంటే ఆ గాజులు పగిలిన చప్పుడు గుర్తొచ్చింది. నేనెప్పుడూ వినని చప్పుడు.

జూన్ 22, ఆదివారం

ఆటలో వేగకు బాణం తగిలింది. ఆమె బతకాలంటే పాచిక నేనే వేయాలి. పాచికను గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాను. "ఆటప్పా ఇది, ఏంటికట్ల భయపడతావు?" అని రఘు నవ్వాడు. బతికింది. ధరణి మామూలుగా నోట్స్ రాసుకుంటోంది.

జూలై 3

నా చిన్నతనం చిత్తూరులో గడిచింది. స్కూల్ నుంచి వచ్చి, అమ్మ డ్యూటీ దిగేదాకా తలుపు గడియ పెట్టుకుని ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. రాద్దామంటే అంతకు మించి ఏమీ లేదు. కుంభుడి చిన్నతనం మాత్రం నలభై పేజీలు అయింది. మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాను.

జూలై 13, ఆదివారం

ధరణికి పుణేలో ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో వెళ్తోంది. వేగ కూడా కథలోంచి వెళ్లిపోవాలి కదా, అది నన్నే రాయమంది. నువ్వయితే బాగా రాస్తావు అంది.

జూలై 17

మూడుసార్లు రాశాను. మూడుసార్లూ వేగ కొండదారి దాకా పోయి వెనక్కి వచ్చేసింది.

జూలై 20, ఆదివారం

ఆట అయ్యాక మెట్ల దగ్గర చెప్పేశాను, నువ్వంటే ఇష్టమని. చెప్పులు వేసుకుంటున్న ధరణి ఆగిపోయింది. కోప్పడలేదు.

"అమర్, నువ్వు సెప్పేది నాకా, వేగకా?"

నీకే అన్నాను.

"మా ఊరు యాడుండాదో తెలుసునా నీకు? మా నాయన పేరు?"

తెలియదు. వరదలో వేగ పట్టుకున్న దూలం ఏ చెట్టుదో తెలుసు. ఏ పాటకు ఏడుస్తుందో తెలుసు. ఆ పాట రాసింది నేనే. ఆటో వచ్చేదాకా పక్కనే నిలబడ్డాను. సిగ్గేసింది.

జూలై 24

వేగ వెళ్లిపోయింది. ఒక్క పేజీ. కుంభుడు ఆపలేదు, దారికి సద్ది కట్టిచ్చాడు. ధరణికి పంపాను. గంట తర్వాత, బాగుందని రాసింది. ఇంకో గంటకి, రైలెక్కే రోజు రేణిగుంట స్టేషన్‌కి రాగలవా అని అడిగింది.

ఆగస్టు 3, రేణిగుంట

రైలు నలభై నిమిషాలు లేటు. నీ చిన్నప్పటి సంగతులు చెప్పమన్నాను. పలమనేరు దగ్గర టమాటా తోట. తోటలో బుట్టల మధ్యే నిద్రపోయేదట. ఇప్పటికీ టమాటా ఆకు వాసన తగిలితే కళ్లు మూతలు పడతాయట. వరసగా చెబుతూ ఉంది, వింటూ ఉన్నాను.

రైలు కదిలేసరికి చెబుతున్న కథలో ఆమెకింకా ఐదేళ్లే.