నేను రంగు పూసిన స్తంభాలు

బాబాయ్,

నా ఫోన్ నాన్న చూస్తాడు, అందుకే కాగితం మీద రాసి మీ ఊరొచ్చే బస్సు డ్రైవర్ చేతికి ఇస్తున్నాను. దీన్ని నాన్నకి చూపించావో, జన్మలో నీతో మాట్లాడను.

వ్యాన్లు ఆపుకుని, గుడారాలు వేసుకుని ఉండడానికి మన క్యాంపుకి వచ్చే వాళ్లందరికీ నది పక్కనే చోటు కావాలి. నాకు ఇంగ్లీషు వచ్చని, వాళ్లకి జవాబులు నాతోనే రాయిస్తాడు నాన్న. "నీళ్లు పైకొస్తాయా?" అని ఎవరైనా అడిగితే, "ఎప్పుడూ రాలేదని రాయవే, నీ సొమ్మేం పోయింది?" అంటాడు. రాశాను.

పోయిన నెల వానలకి కింద వరసలో కరెంటు స్తంభాల మీద నా నడుమెత్తున బురద గీత పడింది. మర్నాడే వాటికి ఆకుపచ్చ రంగు వేయించాడు. వేసిందెవరనుకున్నావ్? నేనే!

శనివారం ఒక టీచర్ ఇద్దరు చిన్నపిల్లలతో, నడవలేని తన తల్లితో వ్యాన్‌లో వస్తోంది. వాళ్లకిచ్చిన చోటు నీళ్లకి పదడుగుల దూరమే. మళ్లీ వానలంటున్నారు. నాన్నతో అంటే, "నాకే నీతులు చెప్తావా?" అని అరిచాడు. నీకు ఫోన్ చేస్తే, "అన్నయ్యకి తెలీదా తల్లీ" అని నవ్వేశావ్. తెలుసు బాబాయ్! తెలిసే రంగు వేయించాడు.

అందుకే ఆవిడకి నిజం రాసేసి, మెసేజ్ చెరిపేశాను. రేపు సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి అడుగుతానంది. నేనే చెప్పానని నాన్నకి తెలిసిపోతుంది. ఆ ఫోన్ వచ్చేసరికి నువ్విక్కడ ఉండాలి. క్యాంపులో సగం నీది కదా, ఈ ఒక్కసారి మీ అన్నయ్య పక్కన కాదు, నా పక్కన నిలబడు.

పొట్టి