లారీకి పెట్టిన చిప్

ప్రియమైన ఇల్లాలికి,

ఫోన్‌లో మాట మధ్యలోనే కునుకు తీస్తున్నానని అలిగావుగా, అందుకే ఈ ఉత్తరం. లోడింగ్ దగ్గర వరసలో ఉన్నాను. మనవైపు వచ్చే డ్రైవర్ చేతికిచ్చి పంపుతాను.

మీ అన్నయ్య బిగించిన చిప్ గురించి చెప్పాలి. చూడ్డానికి సబ్బు పెట్టెంత ఉంటుంది. ఇంజిన్‌లోని కంప్యూటర్‌ని మాయ చేసి ఇంకాస్త డీజిల్ పోయిస్తుంది, అంతే. టైల్స్ లోడుతో కొండ దగ్గర మూలుగుతూ పాకే మన ముసలి లారీ ఇప్పుడు పై గేరులోనే కొండ ఎక్కేస్తోంది. డీజిల్ కూడా తక్కువే తాగుతున్నట్టుంది. పోయిన వారం ఒక ట్రిప్పు ఎక్కువ కొట్టాను. వద్దు వద్దని నస పెట్టాడుగా మీ మెకానిక్కు అన్నయ్య, ఇప్పుడు వచ్చి చూడమను.

ఒళ్లు మాత్రం హూనమైపోయింది. పాపని అడిగానని చెప్పు.

నీ,
డ్రైవరు

---

ప్రియమైన ఏమండీకి,

ఉత్తరం అందింది. చివరి వరసలు గీత వదిలేసి కిందికి జారిపోయాయి. రాస్తూ కూడా నిద్రపోయారా?

ఆస్పత్రి దుప్పట్లు ఉతికి ఉతికి నా చేతులూ పడిపోయాయి. అయినా సాయంత్రం అన్నయ్య షెడ్డుకి వెళ్లి, ఆ చిప్ మంచిదా చెడ్డదా సూటిగా చెప్పమన్నాను. కొత్త బండి, నిదానంగా తోలే మనిషి అయితే లాగుడు పెరుగుతుందట, డీజిలూ కొంత కలిసొస్తుందట. పాత బండికైతే వేడెక్కువై, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో పోవచ్చు, క్లచ్ కాలిపోవచ్చు అన్నాడు. మరి మన బండో అంటే, తల గోక్కుని ఏదో లారీ కిందికి దూరిపోయాడు. నాకెందుకో మనసు కీడు శంకిస్తోంది.

పాపకి మీ ముఖం కన్నా మీ గురకే బాగా తెలుసు. వచ్చే వారం ఒక్క ట్రిప్పు మానేసి ఇంటికొచ్చి పడుకోండి.

మీ,
ఇంటి మనిషి

---

ప్రియమైన ఇంటి మనిషికి,

మానడం కుదిరేలా లేదు. ట్రాన్స్‌పోర్టు మేనేజర్ నాకు రాకెట్ అని పేరు పెట్టాడు. నీ బండికి చిప్ ఉందిగా, నీకేం అంటూ ఇంకో ట్రిప్పు నా నెత్తిన రుద్దాడు. తిండి స్టీరింగ్ దగ్గరే. కళ్లలో కారం కొట్టినట్టుంది.

అయినా చిప్ పుణ్యమా అని నెట్టుకొస్తున్నాను. నిన్న మధ్యాహ్నం సంగతి విను. కొండ కింద చెక్‌పోస్టు దాటడం గుర్తుంది. ఆ తర్వాత చూసుకుంటే అవతలి వైపు దిగువలో ఉన్నాను. మలుపులన్నీ ఎప్పుడు అయిపోయాయో తెలియనే లేదు. అంత తేలిగ్గా లాగేసింది. మీ అన్నయ్యతో చెప్పు, ఈసారి వచ్చినప్పుడు ఇంకాస్త పవర్ పెంచాలి.

నీ,
రాకెట్టు

---

ప్రియమైన మీకు,

ఫోన్ చేస్తే ఊఁ అంటూనే నిద్రలోకి జారిపోయారు. అందుకే ఈ ఉత్తరం అన్నయ్యకే ఇచ్చి మొదటి బస్సుకి పంపుతున్నాను. ఆయన ఎదురుగా ఉండగానే చదవండి.

మీ ఉత్తరం అన్నయ్యకి చదివి వినిపించాను. చేతిలో పానా పక్కన పెట్టి అసలు సంగతి చెప్పాడు. చిప్ బిగించబోయిన రోజు చూస్తే మన టర్బో వదులై ఊగుతోందట. ఈ వేడికి ఇది ఆగదు బావా, ముందు టర్బో మారుద్దాం అంటే మీరు వినలేదట. మీతో వాదించలేక డబ్బా బిగించి, దాని దీపం వెలిగేలా మాత్రం తీగ కలిపాడు. ఇంజిన్‌కి కలపలేదు. రెండు రోజుల్లో మీరే కనిపెట్టి తిట్టుకుంటూ వస్తారు, అప్పుడు నచ్చజెప్పొచ్చు అనుకున్నాడు. మీరేమో ఫోన్ చేసి ఒకటే పొగడ్తలు. ఇక నిజం దాచేశాడట.

మన లారీకి చిప్ లేదండీ. అది ఎప్పటిలాగే పాకుతోంది. మీకు కలిసొచ్చిన టైమంతా మీ నిద్రలోంచి తీసిందే.

మలుపులు తెలియలేదని రాశారు. మరి ఆ కొండ మీద బండి నడిపిందెవరు? నాకు చాలా భయంగా ఉంది.

మీ,
నేను

---

ప్రియమైన నీకు,

మీ అన్నయ్య నా పక్కనే కూర్చున్నాడు. కొట్టేంత కోపం రావాలి నాకు. రాలేదు.

లారీ తాళం ఆయన జేబులో పెట్టాను. మేనేజర్‌తో ఇక వారానికి ఒక్క ట్రిప్పే అని చెప్పేశాను. అయితే వేరే బండి చూసుకుంటా అన్నాడు. చూసుకోనీ.

పడుకోమని మీ అన్నయ్య పోరుతున్నాడు. ఇన్నాళ్లూ ఎక్కడ కూలబడితే అక్కడ వచ్చిన నిద్ర ఇప్పుడు రమ్మన్నా రావడం లేదు. ఆ రోజు మలుపుల్లో ఒక్కటైనా గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నాను. ఎదురుగా ఏ బండి వచ్చిందో, రోడ్డు పక్కన ఎవరు నడుస్తున్నారో, ఏమీ గుర్తు రావడం లేదు. లారీ చుట్టూ తిరిగి బంపరూ చక్రాలూ తడిమి చూశాను. ఎక్కడా సొట్టా మరకా ఏమీ లేదు. అయినా ఇందాక మళ్లీ వెళ్లి చూసొచ్చాను.

నీ,
డ్రైవరు